జాబులు – జవాబులు: చమురు కంపెనీకి గడ్డితో ఏం పని?

మాది పీసీపల్లి మండలం. నాలుగెకరాల మెట్ట, ఒక బోరు ఉన్నాయి. మా దివాకరపల్లి దగ్గర రిలయన్స్ వాళ్లు గడ్డితో గ్యాసు తీసే ప్లాంటుకు శంకుస్థాపన చేశారు. సూపర్ నేపియర్ గడ్డి వేస్తే ఎంతైనా కొంటారని ఊళ్లో అంటున్నారు. చమురు కంపెనీకి గడ్డితో ఏం పని? నాలుగెకరాలూ వేసేయమంటారా?
– ఒక రైతు, కనిగిరి ప్రాంతం

చమురు కంపెనీలు గడ్డి వైపు చూడటానికి కారణం దానితో తీసే గ్యాసుకు కొనేవాళ్లు ఖాయంగా ఉండటం. బండ్లకు పోసే సీఎన్‌జీలోనూ, ఇళ్లకు పైపుల్లో వచ్చే గ్యాసులోనూ గడ్డి, పేడ లాంటివి కుళ్లబెట్టి తీసి, శుద్ధిచేసి నొక్కిన కంప్రెస్డ్ బయోగ్యాస్, అంటే సీబీజీ, కొంత వాటా ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. 2025-26లో 1 శాతం, మరుసటి ఏడు 3, ఆపై ఏడు 4, 2028-29 నుంచి 5 శాతం. ప్రభుత్వ చమురు సంస్థలు సీబీజీ కొనే ‘సతత్’ పథకం 2018 నుంచే ఉంది. రిలయన్స్ 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వంతో 500 ప్లాంట్లకు, 65 వేల కోట్ల పెట్టుబడికి ఒప్పందం రాసుకుంది. అంటే ప్లాంటుకు సుమారు 130 కోట్లు. వాటిలో మొదటిదానికే 2025 ఏప్రిల్ 2న మీ దగ్గర శంకుస్థాపన జరిగింది.

నాలుగెకరాలూ వేయమని మాత్రం చెప్పం. అడ్డం వచ్చేది నీళ్లు. నేపియర్ ఎండకు చావదు, నిజమే. కానీ చావకుండా ఉండటం వేరు, టన్నులు ఇవ్వడం వేరు. వేసవిలో పది రోజులకో తడి, రెండంగుళాల లోతున పడాలి. ఎకరానికి అది దాదాపు 2 లక్షల లీటర్లు. మీ బోరు గంటకు 5 వేల లీటర్లు పోస్తుందనుకుందాం. ఒక్క తడికి 40 గంటలు పడుతుంది. పగటిపూట కరెంటు 9 గంటలు కాబట్టి ఒక ఎకరానికే నాలుగున్నర రోజులు పోతాయి. పది రోజుల్లో రెండెకరాలు దాటదు. డ్రిప్ వేస్తే మూడు దాకా లాగొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎంత పోస్తుందో 200 లీటర్ల డ్రమ్ము పెట్టి కొలవండి. రెండు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లలో నిండితే గంటకు 5 వేలు. వానాకాలంలో కొలిచిన లెక్క పనికిరాదు.

రెండోది తూకం. పచ్చి నేపియర్‌లో 80 శాతం నీళ్లే. పది టన్నుల లోడు పంపితే ఎనిమిది టన్నుల నీళ్లకు డీజిలు కాల్చినట్టు. టన్ను సీబీజీకి సుమారు 20 నుంచి 25 టన్నుల పచ్చిగడ్డి కావాలి. అందుకే ధర ఎంతన్నది ఒక్కటే చూడకండి. కోత ఎవరిది, రవాణా ఎవరిది, పచ్చి బరువుకా ఎండు పదార్థానికా, ప్లాంటు మరమ్మతుకు ఆగిన రోజుల్లో కోతకొచ్చిన గడ్డి ఎవరు తీస్తారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఆ చివరి షరతు లేని ఒప్పందంపై సంతకం పెట్టొద్దు. భూమిని కౌలుకిస్తున్నారా, గడ్డి అమ్ముతున్నారా అన్నది కూడా తేల్చుకోండి. రెండింటికీ కాగితాలు వేరు, నష్టపోయేవాళ్లు వేరు. అంతవరకు అరెకరం వేయండి. గ్యాసుకు పోకపోతే గేదెలు తింటాయి.

సూపర్ నేపియర్ ముచ్చెలు (నాటే కాండం ముక్కలు) తెచ్చి నాటితే సగం మొలవలేదు. మొలిచినవి కూడా రెండో కోతకే పలచబడ్డాయి. తెగులేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, పొదిలి

మీరు రాసినదాన్ని బట్టి తెగులు కాదు, ముచ్చె దగ్గరే తప్పు జరిగింది. ఇది సజ్జకూ నేపియర్‌కూ పుట్టిన సంకరం కాబట్టి విత్తనం కట్టదు. కాండం ముక్కే దిక్కు. మూడు నెలల వయసున్న కాండంలో నడిమి భాగం తీసుకోవాలి. మొదలు దగ్గర చెక్కలా ముదిరిన ముక్క ఆలస్యంగా మొలుస్తుంది. చివర లేత ముక్క కుళ్లిపోతుంది. ముచ్చెకు రెండు కణుపులుండాలి. ఒకటి మట్టిలోకి, ఒకటి పైకి, కాస్త ఏటవాలుగా గుచ్చాలి. కన్ను పైకి చూడాలి. కూలీలు వేగంగా నాటేటప్పుడు తలకిందులయ్యేది ఇక్కడే. లోడులో వచ్చిన ముచ్చెలు ఎండలో రెండు రోజులు పడి ఉంటే కన్ను నల్లబడుతుంది. గోటితో గీరితే లోపల పచ్చగా కనిపించాలి. గోధుమ రంగుంటే పారేయండి.

బోదెల మధ్య 3 అడుగులు, ముచ్చెల మధ్య 2 అడుగులు పెడితే ఎకరానికి 7,260 పడతాయి. మొలవని చోట్ల మళ్లీ నాటడానికని పదిశాతం అదనంగా తెచ్చుకోండి. దుక్కిలో పది టన్నుల పశువుల ఎరువు వేయాలి. మీ ఎర్రనేలల్లో చెదలు ఎక్కువ కాబట్టి ఆ ఎరువు బాగా మాగి ఉండాలి. పచ్చి పేడ చెదల్ని పిలుస్తుంది.

పలచబడటానికి కారణం కోత. మొదటి కోత 75 నుంచి 80 రోజులకు. ఈలోపు కోస్తే వేరు ఊనదు, పిలకలు రావు. భూమి నుంచి నాలుగు నుంచి ఆరు అంగుళాలు వదిలి కోయాలి. నేలకు రాసి కోస్తే పిలక కన్నులు కొడవలికే పోతాయి. ప్రతి కోత తరవాత ఎకరానికి 30 కిలోల నత్రజని, అంటే సుమారు 65 కిలోల యూరియా, తడితో పాటు ఇవ్వాలి. పశువులకైతే 45 రోజులకో కోత, గ్యాసుకైతే 60 నుంచి 75 రోజులు ఆగొచ్చు. మూడు నెలలు దాటనిస్తే బరువు పెరిగినట్టే ఉంటుంది గానీ కాండం కర్రబారి గ్యాసు తగ్గుతుంది.

నిల్వ చేయాలంటే ఒక పూట వాడనిచ్చి అంగుళం ముక్కలుగా నరికి గుంటలో తొక్కించాలి. నరికిన గడ్డి పిడికిట గట్టిగా పిండి చూడండి. వేళ్ల సందుల్లోంచి రసం కారితే తడి ఎక్కువ, పుల్లటి కుళ్లు వాసన వస్తుంది. పిడికిలి విప్పగానే పొడిపొడిగా రాలితే గాలి మిగిలి బూజు పడుతుంది. ముద్దగా నిలబడి మెల్లగా విచ్చుకుంటే సరిగ్గా ఉన్నట్టు.

నాది సీఎన్‌జీ ఆటో. సీబీజీ పోస్తే ఇంజను పాడవుతుందా?
– ఒంగోలు

పాడవదు. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ఐఎస్ 16087 ప్రకారం సీబీజీలో మీథేన్ 90 శాతానికి తగ్గకూడదు, ఘనమీటరుకు హైడ్రోజన్ సల్ఫైడ్‌తో కలిపి మొత్తం గంధకం 20 మిల్లీగ్రాములు మించకూడదు. కిట్టు మార్చక్కర్లేదు. పేడ గ్యాసును అలాగే నింపకూడదన్నది వేరే సంగతి. అందులో సగానికి కాస్త ఎక్కువే మీథేను, మిగతాది బొగ్గుపులుసు వాయువు. దాన్ని కడిగి, ఆరబెట్టి, 250 బార్ పీడనం దాకా నొక్కితేనే సిలిండరుకు పనికొస్తుంది.

మా డెల్టాలో కోతలయ్యాక వరిగడ్డి పొలంలోనే తగలబెడుతున్నారు. దీన్ని కొనరా?
– ఒక పాఠకురాలు, కోవూరు, నెల్లూరు జిల్లా

కొనే దారి ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని బదాయూఁలో ప్రభుత్వ చమురు సంస్థ హెచ్‌పీసీఎల్ ప్లాంటు రోజుకు 100 టన్నుల వరిగడ్డితో 14 టన్నుల సీబీజీ తీసేలా కట్టారు. మరో ప్రభుత్వ చమురు సంస్థ ఐఓసీ పానిపట్‌లో వరిగడ్డితో ఇథనాలు చేసే ప్లాంటు 2022 ఆగస్టులో మొదలైంది.

కానీ వరిగడ్డి పచ్చిగడ్డిలా తేలిగ్గా అరగదు. ఇసుకలాంటి సిలికా ఎక్కువ, నత్రజని తక్కువ. గ్యాసు తీసే తొట్టెలో వేస్తే మునగకుండా పైకి తేలి అట్టకడుతుంది, కింద గ్యాసు ఇరుక్కుంటుంది. అందుకే పొడిచేసి, నానబెట్టి, పేడ కలిపి వేస్తారు.

మీ చేతిలో ఉన్నది బేలింగ్, అంటే గడ్డిని యంత్రంతో (బేలర్‌తో) కట్టలు కట్టడం. ఎండలు కాసే మార్చి, ఏప్రిల్ కోతలు కావడం నెల్లూరుకు కలిసొచ్చే సంగతి. మంచు ఆరాక, ఉదయం పది దాటాకే బేలర్ దింపండి. తేమ 20 శాతం మించితే కట్ట లోపల వేడెక్కి నల్లబడుతుంది. గడ్డిని పోగుచేసే పళ్ల యంత్రాన్ని (రేక్) నేలకు ఆనించి లాగితే మట్టి వస్తుంది, ఆ మట్టి ప్లాంటు పంపుల్ని అరగదీస్తుంది, మీ లోడు తిరిగొస్తుంది. ముందుగా ఊరి పశువులకు కావాల్సింది వామి వేసుకున్నాకే అమ్మకం మాట.

గ్యాసు తీసేశాక మిగిలిన బురదలో ఇక సారమేం ఉంటుంది? వట్టి పిప్పే కదా?
– కందుకూరు

గ్యాసుగా పోయేది కార్బను, హైడ్రోజను, కొంత ఆక్సిజను. నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు అంతా బురదలోనే ఉండిపోతాయి. నేపియర్ పొలం నుంచి ఏటేటా టన్నుల కొద్దీ బయటికి పోతుంటే పొటాష్ కూడా దానితోనే పోతుంది. ఆ బురద మళ్లీ మీ పొలానికి రాకపోతే మూడో ఏటికి ఆకు అంచులు ఎండి కనిపిస్తాయి. గడ్డి అమ్మేవాళ్లు టన్నుకు ఇంత ఎరువు వెనక్కివ్వాలని ఒప్పందంలోనే రాయించుకోవడం మేలు. ఈ ఎరువు అమ్మకానికి టన్నుకు రూ.1,500 సాయాన్ని కేంద్రం 2023లో ప్రకటించింది. కొనేటప్పుడు ధర మాట్లాడేవాళ్లు ఆ సంగతీ అడగండి.

వాడేటప్పుడు జాగ్రత్త: పలచటి బురదలో నత్రజని చాలావరకు అమ్మోనియా రూపంలో ఉంటుంది. మిట్టమధ్యాహ్నం చల్లితే ముక్కు మండేంత వాసన వస్తుంది, అది గాల్లో కలిసిపోతున్న మీ యూరియానే. సాయంత్రం, తడి కాలవలో కలిపి పారించండి. లేదా చల్లిన వెంటనే గుంటక తోలండి. మొలక దశలో మొదళ్లకు తాకనివ్వొద్దు.