ఫొటో తీశాక కెమెరా మొరాయిస్తోంది!

ప్రశ్న: రాత్రి ఆకాశాన్ని 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో (షట్టర్ అంతసేపు తెరిచి ఉంచి) తీస్తే, ఆ తర్వాత మరో అరనిమిషం ఏ బటన్ నొక్కినా కెమెరా పలకడం లేదు. వేగవంతమైన మెమరీ కార్డు కొన్నా అంతే. పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: కెమెరా బాగానే ఉందండీ. కొత్త కార్డు మాత్రం అనవసరపు ఖర్చు! ఎంతసేపు ఫొటో తీస్తే అంతసేపే ఆగుతోందంటే అది ‘లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్’ అనే సెట్టింగ్ పనే. వెలుతురును పట్టే సెన్సర్ ఎక్కువసేపు పనిచేస్తే కొన్ని పిక్సెళ్లు వెలుతురు లేకున్నా చుక్కల్లా మెరుస్తాయి. అందుకే కెమెరా షట్టర్ మూసి, అంతే సమయం ఇంకో చీకటి ఫొటో తీసి, అందులోని చుక్కల్ని మొదటిదాంట్లోంచి తీసేస్తుంది. మెనూలో దాన్ని ఆఫ్ చేయండి. ‘హై ఐఎస్ఓ నాయిస్ రిడక్షన్’ (ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందనను పెంచినప్పుడు వచ్చే మచ్చల్ని తగ్గించేది) వేరు, దాని జోలికెళ్లొద్దు. నక్షత్రాల కదలిక గీతల్లా కనపడేలా వరుసగా ఫొటోలు తీసేటప్పుడైతే లాంగ్ ఎక్స్‌పోజర్‌ది ఆఫ్‌లో ఉండాల్సిందే, లేకుంటే కెమెరా ఆగినప్పుడల్లా గీతలు తెగిపోతాయి. చుక్కలు ఇబ్బంది పెడితే, అక్కడే లెన్స్‌కు మూత పెట్టి, అవే సెట్టింగులతో కొన్ని చీకటి ఫొటోలు తీసి ఉంచుకోండి. వాటి సాయంతో తర్వాత కంప్యూటర్‌లో ఆ చుక్కల్ని తీసేయొచ్చు. నేను చేసేది అదే. ఒకటి రెండు ఫొటోలకైతే ఆన్‌లోనే ఉంచుతాను, ఆ కాసేపు ఆగితే పోయేదేముంది!