పాత నేవీ పీకోటు కొనే ముందు లోపలి లేబుల్ చదవండి

చికాగోకి కొత్తగా వచ్చానని, వాడిన బట్టలమ్మే థ్రిఫ్ట్ స్టోర్‌లో అమెరికన్ నేవీ వాళ్ల పాత ఉన్ని పీకోటు, అంటే నావికుల పొట్టి చలికోటు, చూశానని, మాల్‌లో దొరికే కొత్త కోటు కంటే అది మేలా అని అడిగారు. భుజాల దగ్గర సరిపోతే తీసేసుకోండి. చాలా చలికాలాలుగా నేను వేసుకుంటున్నది అలాంటిదే.

దాని గొప్పతనమంతా గుడ్డలోనే ఉంది. 1960ల చివరి దాకా నేవీ ఈ కోట్లకు కెర్సీ అనే ఉన్ని గుడ్డ వాడింది. గజం గుడ్డ దాదాపు 32 ఔన్సులు తూగేది. నేసిన ఉన్నిని నీళ్లలో బాగా మర్దించి, పోగులు ఒకదానికొకటి అతుక్కుపోయేలా బిగిస్తారు. ఇక గాలి దూరదు, చినుకులు పైపైనే జారిపోతాయి. మన గొర్రెల కాపరులు వానలో కప్పుకునే గొంగడి గుర్తొస్తుంది నాకు. పైగా ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తగలదు. డెక్ మీద రాత్రి కాపలా కాసే నావికుడికి కావలసింది అదే కదా! ఛాతీ మీద రెండు పొరలు, చెవుల దాకా లేపుకునే వెడల్పు కాలరు, కాళ్లకు అడ్డం రాని పొట్టి పొడవు, లంగరు బొమ్మ గుండీలు... అన్నీ పని కోసం పుట్టినవే. అందుకే దశాబ్దాలు గడిచినా పాతబడినట్టు కనిపించదు.

తర్వాత మెల్టన్ అనే మరో ఉన్ని గుడ్డ వచ్చింది. అదీ మంచిదే, కాస్త తేలిక. 2018 నుంచి నేవీలో పీకోటు తప్పనిసరి కాదు, దాని స్థానంలో పార్కా అనే మరో రకం చలికోటు ఇస్తున్నారు.

కోటు లోపల కుట్టిన లేబుల్ మీద కాంట్రాక్టు నంబరు వెతకండి. డీఎస్‌ఏ 100-66-సీ అని మొదలైతే (డీఎస్‌ఏ అంటే అప్పట్లో సైన్యానికి సామాను కొనే సంస్థ) ఆ 66 అంటే 1966 అన్నమాట. అలాంటిది దొరికితే వదలకండి. మాల్ కోట్ల లేబుల్ కూడా చదవండి, చాలావాటిలో సగానికి సగం పాలిస్టరే ఉంటుంది.

కొనే ముందు కోటును వెలుతురుకి ఎత్తి పట్టుకుని చిమ్మట కొట్టిన చిల్లులున్నాయేమో చూడండి. చంకల కింద లైనింగ్ చిరిగినా ఫర్వాలేదు, దర్జీ మార్చేస్తాడు. వాషింగ్ మెషీన్లో మాత్రం వేయొద్దు, ముడుచుకుపోతుంది. పాత వాసన ఉంటే నాలుగు రోజులు నీడపట్టున గాలికి ఆరేయండి, చాలావరకు పోతుంది. పోకపోతే డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి.