జలుబుకి ఎల్డర్‌బెర్రీ సిరప్ కొనమంటారా?

అక్టోబర్ వచ్చిందంటే అమెరికాలో మా ఒహాయోలో కొత్తగా దిగినవాళ్ళు నన్నడిగే మొదటి ప్రశ్న ఇదే. పిల్లాడు డేకేర్‌లో చేరిన రెండో వారానికే ముక్కు కారడం మొదలవుతుంది. డాక్టరేమో యాంటీబయాటిక్ రాయకుండా "వైరస్, దానంతట అదే తగ్గుతుంది" అని పంపించేస్తాడు. మన ఊళ్ళో అయితే మెడికల్ షాపువాడే రెండు బిళ్ళలు చేతిలో పెట్టేవాడు. ఇక్కడ ఆ దారి లేక ఫార్మసీకి వెళ్తే ఎల్డర్‌బెర్రీ సిరప్ ఊదారంగు సీసాలు, గమ్మీలు (నమిలే జెల్లీ బిళ్ళలు) వరసగా కనిపిస్తాయి.

ఎల్డర్‌బెర్రీ అంటే మిరియం గింజంత నల్లటి పండు. గొడుగు తెరిచినట్టు గుత్తులుగా కాస్తుంది. ఆ రంగు ఆంథోసయనిన్లనే రంగు పదార్థాలది. నేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలే రంగూ ఆ కుటుంబానిదే. వీటితో పాటు క్వెర్సెటిన్, రూటిన్ అనే మొక్కల పదార్థాలు ఉంటాయి, విటమిన్ సి కూడా ఉంటుంది కానీ కాచేటప్పుడు కొంత పోతుంది. ఈ పండు సారం ల్యాబ్‌లో ఫ్లూ వైరస్‌ని అడ్డుకున్న మాట నిజమే.

ఒంట్లోకి వెళ్ళాక ఏం చేస్తుందన్నదే పేచీ. నార్వేలో 60 మంది ఫ్లూ రోగుల మీద చేసిన పరిశీలన 2004లో అచ్చయింది. రోజుకి నాలుగుసార్లు 15 మి.లీ. చొప్పున సిరప్ తాగినవాళ్ళకి నాలుగు రోజుల ముందే నయమైందన్నారు. సీసాల అమ్మకానికి ఆ మాట చాలు. తర్వాత మా ఒహాయోలోనే క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ళు 87 మందితో చూశారు, 2020లో ఫలితం వచ్చింది: ఎల్డర్‌బెర్రీ లేని ఉత్త సిరప్‌కీ దీనికీ తేడా లేదు. నా మటుకు నేను రెండోదాన్నే నమ్ముతాను. అందుకు కారణం కూడా ఉంది.

వచ్చిన కొత్తలో నాకు ఫ్లూ తగిలింది. ఒళ్ళంతా నొప్పులు, 103 డిగ్రీల జ్వరం. కో-పే (ఇన్సూరెన్సు ఉన్నా డాక్టర్ దగ్గర మనం కట్టాల్సిన వాటా) ఎందుకు దండగని మూడు రోజులు ఈ సిరప్ తాగుతూ పడుకున్నాను. నాలుగో రోజు వెళ్తే డాక్టర్ తల పట్టుకున్నాడు. టామీఫ్లూ లాంటి మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే బాగా పనిచేస్తుందట. ఆ గడువు కాస్తా నేను తీపి నీళ్ళు తాగుతూ దాటబెట్టాను.

తాగాలనిపిస్తే తాగండి, మిరియాల చారు తాగినట్టు. గొంతుకి హాయిగానే ఉంటుంది. కానీ ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి షుగర్ ఉంటే లేబుల్ మీద చక్కెర ఎంతో చూడందే ఇవ్వకండి. మా అత్తగారు గమ్మీలని పిప్పరమెంట్లలా చప్పరించేశారు పాపం. కొన్ని సిరప్‌లలో తేనె ఉంటుంది, ఏడాది లోపు పిల్లలకి తేనె అస్సలు పెట్టకూడదు. అవయవ మార్పిడికో, కీళ్ళవాతానికో రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. వీటిని సప్లిమెంట్లుగా అమ్ముతారు కాబట్టి మందుల్లా ముందే ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) అనుమతి పొందక్కర్లేదు, అది గుర్తుంచుకోండి.

ఇంకొక్క మాట. ఆగస్టు, సెప్టెంబర్‌లలో ట్రైల్ (నడక దారి) పక్కన పండిన గుత్తులు కనిపిస్తే, రేగుపళ్ళు కోసుకున్నట్టు కోసుకుని నోట్లో వేసుకోకండి. ఉడికించని పళ్ళ గింజల్లో, పచ్చి కాయల్లో, ఆకుల్లో, కాడల్లో సయనైడ్‌ని పుట్టించే పదార్థం ఉంటుంది. మన కర్రపెండలాన్ని పచ్చిగా ఎందుకు తినరో, ఇదీ అందుకే. 1983లో కాలిఫోర్నియాలో కొందరు ఆకులు, కొమ్మలతో సహా నలిపి పచ్చి రసం తాగితే, ఎనిమిది మందిని హెలికాప్టర్‌లో ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. పైగా పోక్‌వీడ్ అనే విషపు మొక్కకీ ఇలాంటి పళ్ళే కాస్తాయి. దాని కాడ గులాబీ రంగులో ఉంటుంది, గుత్తి ద్రాక్షలా కిందకి వేలాడుతుంది. నాకూ ఒకసారి రెండూ ఒకేలా కనిపించాయి, అప్పట్నుంచి కోయడం మానేశాను.

ఆ సీసా కోసం ఎలాగూ ఫార్మసీ దాకా వెళ్తారుగా, లోపలి కౌంటర్‌లో ఫ్లూ టీకా అడగండి. చాలా ఇన్సూరెన్సుల్లో చేతి డబ్బు పడదు. చిన్నపిల్లలకి మాత్రం పిల్లల డాక్టర్ దగ్గరే వేయించండి.