ఉమ్మిలో సిస్టీన్ అంకె నిలవడం లేదంటే మెషీన్ కంటే ముందు ఐస్ పెట్టె చూడండి

మీరు అడిగింది ఇది: చిత్తూరులో ఉమ్మి సేకరించి తిరుపతి ల్యాబుకు తెచ్చి, ఎస్‌బీడీ-ఎఫ్ (కొన్ని గంధకపు అణువులకు అతుక్కుని వాటిని వెలిగేలా చేసే రసాయనం) కలిపి హెచ్‌పీఎల్‌సీలో (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) నడుపుతున్నారు. ఒకే మనిషికి సిస్టీన్ (గంధకం ఉన్న అమైనో ఆమ్లం) ఒక్కో రోజు ఒక్కోలా వస్తోంది. గంధకం ఉన్న మరో అమైనో ఆమ్లం, మిథియోనిన్ పీక్ (గ్రాఫ్‌లో దాని శిఖరం) అసలే రావడం లేదు.

మిథియోనిన్ సంగతి తేలిక. ఎస్‌బీడీ-ఎఫ్ పట్టుకునేది విడిగా ఉన్న ఎస్‌హెచ్ (గంధకం-హైడ్రోజన్) గుంపును; ఆ గుంపు ఉన్న పదార్థాలనే థయాల్ అంటారు. మిథియోనిన్‌లో గంధకం రెండు కార్బన్ల మధ్య ఉంటుంది, ఆ గుంపే లేదు. ఎంత ఇంజెక్ట్ చేసినా పీక్ రాదు. అమైన్ (నైట్రోజన్ గుంపు) వైపు పట్టుకునే ఓపీఏ అనే రసాయనం వాడాలి, లేదా ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్‌లో (అణువులను బరువును బట్టి గుర్తించే యంత్రం) 150 బరువు అయాన్ విరిగి 104 కావడం (150 → 104) చూడాలి. ఓపీఏతోనే సిస్టీన్ కూడా అయిపోతుంది అనుకోకండి. ఎస్‌హెచ్‌ను ముందే అయడోఅసిటిక్ ఆమ్లంతో మూయకపోతే సిస్టీన్‌కు వెలుగు చాలా తక్కువ వస్తుంది.

అసలు చిక్కు నమూనాలో ఉంది. ట్యూబులో పడ్డాక కూడా నోటి బ్యాక్టీరియా పని ఆపదు. సిస్టీన్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా, మిథియోనిన్‌ను మిథైల్ మెర్కాప్టాన్‌గా విరగ్గొడుతుంది. మూత తీయగానే కుళ్లిన గుడ్డు వాసన వస్తే, మీరు కొలవాల్సిన సరుకే గాల్లోకి పోతోందన్న మాట. అదే సమయంలో ఎంజైములు ప్రోటీన్లను కోసి కొత్త సిస్టీన్ వదులుతాయి. అందుకే అంకె ఒకసారి పెరుగుతుంది, ఒకసారి తగ్గుతుంది. మన వైపు మే నెల ఎండలో 70 కిలోమీటర్ల బస్సు ప్రయాణం, ఐస్ కరిగిన పెట్టె అంటే ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి తిన్నాక కనీసం గంట ఆగాలి. నీళ్లతో పుక్కిలించి పది నిమిషాలు కూర్చోబెట్టండి. తల కాస్త వంచి, నమలకుండా, ఐస్‌లో పెట్టిన ట్యూబులోకి ఉమ్మి దానంతటదే కారనివ్వాలి. దూది వాడొద్దు. గులాబీ రంగు కనిపిస్తే పారేయండి: ఎర్ర రక్తకణాల్లో గ్లూటాథయోన్ అనే థయాల్ మిల్లీమోలార్ స్థాయిలో ఉంటుంది, చిగుళ్ల నుంచి కొంచెం రక్తం వచ్చినా థయాల్ లెక్కలన్నీ తారుమారు. కఫం పలచన చేసే ఎన్-అసిటైల్ సిస్టీన్ మాత్రలు వాడుతున్నారేమో అడగండి, అదీ థయాలే. సెంట్రిఫ్యూజ్ చిత్తూరులోనే చేసి, పైనీటిని 200 మైక్రోలీటర్ల చొప్పున పంచి, డ్రై ఐస్‌లో తెచ్చి మైనస్ 80లో పెట్టండి. ఒకసారి కరిగింది మళ్లీ గడ్డకట్టించకూడదు.

ఉమ్మిలో సిస్టీన్ చాలా భాగం డైసల్ఫైడ్‌గానో (రెండు గంధకాలు జతకట్టిన రూపం) ప్రోటీన్‌కు అతుక్కునో ఉంటుంది. ముందు రిడక్షన్ (ఆ బంధాన్ని తెంచడం) చేయనిదే మొత్తం సిస్టీన్ కొలిచినట్టు కాదు. 75 మైక్రోలీటర్ల ఉమ్మి, 25 మైక్రోలీటర్ల సిస్టమిన్ ఇంటర్నల్ స్టాండర్డ్ (ప్రతి ట్యూబులో ఒకే మోతాదులో వేసే పోలిక పదార్థం), 10 మైక్రోలీటర్ల టీసెప్ (రిడక్షన్ చేసే రసాయనం, లీటరుకు 100 గ్రాములు) కలిపి గది ఉష్ణోగ్రతలో 30 నిమిషాలు ఉంచండి. సిస్టమిన్ కూడా డైసల్ఫైడే, దాని పీక్ చిన్నదైతే రిడక్షన్ సరిగ్గా జరగలేదేమో చూడండి. టీసెప్ ద్రావణం ఏ రోజుకారోజు నీళ్లలోనే చేసుకోండి, ఫాస్ఫేట్ బఫర్‌లో నిలవదు. రిడక్షన్ చేసే మరో రసాయనం డీటీటీ వద్దు, అదే థయాల్ కాబట్టి మీ ఎస్‌బీడీ-ఎఫ్‌ను తినేస్తుంది.

తర్వాత 1 మిల్లీమోలార్ ఈడీటీఏ (లోహాలను పట్టి ఉంచే పదార్థం) ఉన్న 10 శాతం ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం 90 మైక్రోలీటర్లు వేసి, 13,000 జి దగ్గర 10 నిమిషాలు తిప్పండి. ఇక ఇవి కలపండి, అన్నీ మైక్రోలీటర్లలో: పైనీరు 50, 1.55 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 10, ఈడీటీఏ 4 మిల్లీమోలార్ కలిపిన 0.125 మోలార్ బోరేట్ (పీహెచ్ 9.5) 125, లీటరుకు ఒక గ్రాము ఎస్‌బీడీ-ఎఫ్ 50. వెలుతురు తగలకుండా రేకు చుట్టి 60 డిగ్రీల్లో గంట. ఇక్కడ సోడియం హైడ్రాక్సైడ్ కొలత తప్పితే పీహెచ్ 9.5కు చేరదు, పీకులన్నీ కలిసి కుంగుతాయి. ఒక అదనపు ట్యూబు పెట్టి దాని పీహెచ్ చూసుకోండి. డిటెక్టర్ 385/515 నానోమీటర్లు (వేసే వెలుగు/తిరిగి వచ్చే వెలుగు), సీ18 కాలమ్, 0.1 మోలార్ అసిటేట్ (పీహెచ్ 5.5)లో 3 శాతం మెథనాల్. కాలమ్ ఓవెన్‌కు చల్లార్చే ఏర్పాటు లేకపోతే గది వేడి కంటే కనీసం 5 డిగ్రీలు పైన పెట్టండి. లేకపోతే మధ్యాహ్నం పీకులు జరుగుతాయి.

స్టాండర్డ్ (పోల్చడానికి వాడే, మోతాదు తెలిసిన సిస్టీన్) సీసా లేబుల్ ఇప్పుడే తీసి చూడండి. సిస్టీన్ అణుభారం 121.16. చాలా ల్యాబుల్లో ఉండేది హైడ్రోక్లోరైడ్ మోనోహైడ్రేట్, దానికి 175.6. 10 మి.లీ.లో 10 మిల్లీమోలార్ కావాలంటే 17.6 మిల్లీగ్రాములు తూచాలి. 12.1 తూస్తే స్టాండర్డ్ 31 శాతం పలచన అవుతుంది, నమూనాలన్నీ 45 శాతం ఎక్కువ చూపిస్తాయి. స్టాండర్డ్లను కూడా రిడక్షన్ నుంచి చివరిదాకా నమూనాలతో పాటే నడపండి. ఉమ్మిలో సిస్టీన్ ఎలాగూ ఉంటుంది కనుక, పలువురి ఉమ్మి కలిపి, అందులోకే స్టాండర్డ్ చేర్చి కొలత గీత గీయడం మేలు.

నమూనాదే తప్పని తేల్చుకోవాలంటే ఒకే ఉమ్మిని రెండుగా పంచండి. ఒకటి వెంటనే ఐస్‌లోకి, రెండోది రెండు గంటలు బల్ల మీద. రెండూ ఒకే బ్యాచ్‌లో నడపండి. తేడా మీ రోజువారీ తేడా అంత ఉంటే కాలమ్ మార్చే ఖర్చు పెట్టకండి, డ్రై ఐస్ కొనండి.