డోలమైట్ ప్రాంతపు మట్టిలో సీసం ఒకచోట, జింక్ మరోచోట ఎందుకు ఎక్కువ?

ఆంధ్రప్రదేశ్‌లో అగ్నిగుండాల దగ్గరి బండలమొట్టు లాంటి డోలమైట్ (ఒక రకం కార్బొనేట్ రాయి) ప్రాంతాల మట్టి ఫలితాలు చూసి హైదరాబాద్‌లో జియాలజీ చదివేవాళ్లు తికమకపడేది ఇక్కడే. గెలీనా (సీసం సల్ఫైడ్ ఖనిజం) శిథిలమైతే వచ్చే సెరుసైట్ (సీసం కార్బొనేట్) నీటిలో దాదాపు కరగదు. అందుకే సీసం ఖనిజం నెత్తిమీదే కూర్చుంటుంది. స్ఫాలరైట్‌లోని (జింక్ సల్ఫైడ్ ఖనిజం) జింక్ మాత్రం ఆమ్లనీటితో పల్లానికి జారి, కార్బొనేట్ రాయి ఆ ఆమ్లాన్ని విరిచేసిన చోట స్మిత్సొనైట్‌గా (జింక్ కార్బొనేట్) ఆగుతుంది. జింక్ దారి చూపిస్తుంది, డ్రిల్లింగ్ చోటు మాత్రం సీసాన్ని బట్టే ఎంచుకోండి.

మట్టి నమూనాలు రాతిపొరలు సాగే దిశకు అడ్డంగా తీసి, 80 మెష్ (సుమారు 180 మైక్రాన్లు) జల్లెడ పట్టండి. మాంగనీస్, ఇనుము కూడా కొలిపించాలి. వాటి ఆక్సైడ్లు జింక్‌ను పట్టేసుకుని, ఖనిజం లేనిచోట కూడా అంకె పెంచేస్తాయి. ఎక్కువమంది మోసపోయేది దీనివల్లే. రోడ్డు పక్క మట్టి అసలొద్దు: 2000కి ముందు పెట్రోల్‌లో కలిపిన సీసం ఇంకా అక్కడ ఉండొచ్చు.