ముందు హాల్లోంచి ఆయన్ని లోపలికి పిలవండి

ప్రశ్న: మాది విజయవాడ పటమట. బాబుకు ఏడు నెలలు నిండాయి. పుట్టినప్పటినుంచీ నా పక్కలోనే పడుకుంటున్నాడు. రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తాడు. నిద్ర చాలక మావారు నాలుగు నెలలుగా హాల్లో దివాన్ మీద పడుకుంటున్నారు. మూడో గదికి రంగులు వేయించి, క్రిబ్ (చుట్టూ కమ్మీలుండే పసిపిల్లల మంచం) కూడా కొన్నారు. డల్లాస్‌లో ఉండే మా ఆడపడుచు తన పిల్లల్ని నాలుగో నెలనుంచే వేరే గదిలో పడుకోబెట్టిందట. మనమూ అలవాటు చేద్దామంటారు మావారు. అత్తగారేమో ‘పసివాడు దడుసుకుంటాడు, మన ఇంటా వంటా లేదు’ అంటారు. ఆ గది తలుపు చూస్తేనే నాకు ఏడుపొస్తోంది. రాత్రి వాడు కదలకపోతే ముక్కు దగ్గర వేలుపెట్టి చూసుకుంటాను. వచ్చే నెల ఉద్యోగంలో చేరాలి. క్రిబ్‌లో ప్రస్తుతం ఉతికిన బట్టలు పడేస్తున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ దివాన్ దగ్గరా, ముక్కు దగ్గరి వేలు దగ్గరా ఆగిపోయాను. వాటి సంగతి తర్వాత చెబుతాను.

మీ ఆడపడుచు పిల్లలు క్షేమంగా పెరిగారు, సంతోషం. కానీ అమెరికా పిల్లల వైద్యుల సంఘమే 2022లో సవరించిన సూచనల్లో బిడ్డను కనీసం ఆరు నెలలపాటు తల్లిదండ్రుల గదిలోనే, వేరే పక్క మీద పడుకోబెట్టమంది. పసికందు నిద్రలో ఉన్నట్టుండి ప్రాణం పోగొట్టుకునే ప్రమాదం మొదటి నాలుగు నెలల్లో ఎక్కువ, ఆరు నెలలు దాటాక బాగా తగ్గుతుంది. మీవాడు ఆ గట్టు దాటాడు. కాబట్టి వేరే గదికి ఇప్పుడు మార్చినా తప్పు లేదు, ఇంకో ఏడాది మీ గదిలోనే ఉంచుకున్నా తప్పు లేదు. ఫలానా నెలకల్లా మార్చి తీరాలని ఏ డాక్టరూ అనరు.

నేను పట్టుబట్టేది ఒక్కటే. వాణ్ణి మీ పరుపు మీదనుంచి మార్చండి. పెద్దవాళ్ల మంచం మీద మెత్తటి పరుపు, దిండ్లు, దుప్పట్లు ఉంటాయి. దొర్లే వయసు పిల్లాడు దిండు కింద ముఖం ఇరికించుకోవచ్చు, గోడకూ మంచానికీ మధ్య జారిపోవచ్చు. క్రిబ్‌ను మీ గదిలోకి తెచ్చి, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో వేయండి. గట్టి పరుపు, దానిమీద బిగుతుగా పరిచిన దుప్పటి, అంతే. ఆవాల దిండు, బొమ్మలు, పక్కలకు కట్టే మెత్తలు ఏవీ వద్దు. వెల్లకిలా పడుకోబెట్టండి. వాడంతట వాడే బోర్లా తిరిగితే, మళ్లీ వెల్లకిలా తిరగడం వచ్చిన పిల్లాడైతే, అలాగే వదిలేయవచ్చు. మెడలో తాయెత్తుగానీ గొలుసుగానీ ఉంటే రాత్రికి తీసేయండి. అత్తగారికి నచ్చజెప్పాల్సి వస్తే మొలతాడు ఉంచవచ్చని చెప్పండి. దోమతెర వాడి చేతికి అందకుండా బిగించి కట్టాలి. చీర ఉయ్యాల పగటిపూట, ఎవరో ఒకరు చూస్తుండగా మాత్రమే.

ఇక మీవారి సంగతి. ఆయన ఆ గదికి రంగులు వేయించింది బాబును దూరం పెట్టాలని అయి ఉండదు. మళ్లీ మీ గదిలో తనకు చోటు దొరుకుతుందన్న ఆశ అందులో ఉందని నాకనిపిస్తోంది. క్రిబ్ లోపలికి వచ్చిన రోజే ఆయన కూడా లోపలికి రావాలి. అన్నప్రాసన అయ్యి, పగలు బాగా తింటున్న పిల్లాడు లేచిన ప్రతిసారీ ఆకలితోనే లేవడు. ఒక్కోసారి జో కొడితే చాలు, పడుకుంటాడు. ఆ ఒక్కసారి మీవారి వంతు. మొదటి వారం ఏడుస్తాడు, మీరు కూడా ఏడవవచ్చు. తట్టుకోండి.

మూడో గది సంగతికి ఇప్పుడే తొందరపడవద్దు. ఎనిమిదో నెల దాటాక పిల్లలకు తల్లి కనబడకపోతే బెంగ మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే మీరు ఉద్యోగానికి వెళతారు. పగలూ అమ్మ లేక, రాత్రీ లేక, రెండూ ఒకేసారి వాడిమీద పెట్టవద్దు. ఉద్యోగం కుదుటపడ్డాక, పగటి నిద్ర ఆ గదిలో మొదలుపెట్టి చూడండి. దానికి ముందు ఆ గదిలో మీరే ఒక రాత్రి పడుకుని చూడండి. పడమటి గోడ అయితే మే నెలలో మన విజయవాడలో రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతుంది. ఏసీ ఉందా, కరెంటు పోతే ఫ్యాను ఇన్వర్టర్ మీద తిరుగుతుందా చూసుకోండి. పసివాళ్లకు ఉక్క మంచిది కాదు. మెడ వెనక చెమట పట్టిందంటే గది వేడిగా ఉన్నట్టే.

అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. క్రిబ్ ఆ గదికి మారిన రోజున, అదే గదిలో తన మంచం వేసుకుని పడుకోమని ఆవిడను అడగండి. నాయనమ్మ గదిలో నిద్రపోవడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు, ఆవిడకూ గౌరవంగా ఉంటుంది. ఒకటే షరతు, వాణ్ణి తన పక్కలోకి తీసుకోకూడదు. నిద్రమాత్రలు వేసుకునే అలవాటుంటే మరీను.

ఇప్పుడు ఆ వేలి సంగతి. కొత్త తల్లులు చాలామంది ఊపిరి చూసుకుంటారు, అందులో వింత లేదు. కానీ బాబు నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోతే, చాలా రోజులు ఏడుపుతోనే గడుస్తుంటే, ఉద్యోగంలో చేరేలోపే డాక్టరుకు చెప్పండి. కాన్పయ్యాక ఏడాదిలోపు ఎప్పుడైనా ఇలాంటి దిగులు రావచ్చు, దానికి చికిత్స ఉంది. మనసు బాధలకు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. మీరు అతిగా ఆలోచిస్తున్నారని ఇంట్లో ఎవరన్నా సరే, చేయండి.

ఈ ఆదివారం క్రిబ్‌లో బట్టలు తీసి మడతపెట్టేటప్పుడు మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ గది తలుపు చూస్తే మీకెందుకు ఏడుపొస్తోందో ఆయనకు ఇంతవరకూ చెప్పినట్టు లేదు.