ముందురోజు రాత్రి ఒకసారి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చూడండి

ప్రయాణాల్లో, ఇంట్లో, ప్రెజెంటేషన్ ఇచ్చేటప్పుడు రోజూ చేతిలో ఉండే ఫోను, ల్యాప్‌టాప్‌లనే ఇంకా బాగా వాడుకోవడం ఎలా, కొత్తగా ఏమైనా కొనాలా అని అడిగారు కదండీ. నేను విజయనగరంలో ఉంటాను, అరకు, పాడేరు వైపు ఊళ్ళు తిరిగి రైతులకి, డ్వాక్రా మహిళలకి నేల గురించి, విత్తనాల గురించి చెప్పడం నా పని, వారంలో మూడ్నాలుగు రోజులు రోడ్డు మీదే, సంచిలో ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్. పదకొండేళ్ళుగా ఇదే పని కాబట్టి చెప్తున్నా, కొనాల్సింది చాలా తక్కువ. ఉన్నవాటికి ముందురోజు రాత్రి ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టుకోవాలి, అంతే.

పరీక్ష అంటే పెద్దదేం కాదు. రాత్రి భోజనం అయ్యాక ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టేసి, ఇంటి వైఫై కూడా తీసేసి, రేపు ఏమేం కావాలో ఒక్కొక్కటీ తెరిచి చూడటం. తెరుచుకోనిది ఏదైనా ఉంటే దాన్ని ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకోవాలి, లేదా కాగితం మీద రాసుకోవాలి. ఐదు నిమిషాలు కూడా పట్టదండి.

ఇది నాకు ఎలా అలవాటైందంటే, ఒక డిసెంబర్‌లో శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే పొద్దుపోయింది, మంచు దిగిపోయింది, అనంతగిరి వచ్చేసరికి సిగ్నల్ పూర్తిగా పోయింది. మేం వెళ్ళాల్సింది అరకు మెయిన్ రోడ్డు నుంచి లోపలికి ఉన్న ఊరు. మ్యాప్ తెరిస్తే అంతా బూడిద రంగు, మధ్యలో మేమున్న నీలం చుక్క ఒక్కటే కదుల్తోంది, కింద రోడ్డు మాత్రం లేదు. ఆ చుక్క ఉపగ్రహాల నుంచి వస్తుంది, దానికి నెట్ అక్కర్లేదు, నెట్ కావాల్సింది రోడ్ల బొమ్మకి. ఆ తేడా తెలిసుంటే ఇంట్లోనే ఆ ప్రాంతం మ్యాప్ దించుకునేవాణ్ణి. గూగుల్ మ్యాప్స్‌లో పైన మీ ఫోటో మీద నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని ఉంటుంది, అక్కడ చట్రం జరిపి మీరు వెళ్ళే ప్రాంతం మొత్తం పట్టేలా పెట్టి డౌన్‌లోడ్ కొట్టడమే, కొన్నాళ్ళకి పాతబడిపోతుంది కాబట్టి మళ్ళీ అప్‌డేట్ చేసుకోవాలి. నెట్ లేకుండా బండి మీద వెళ్ళే దారి చూపిస్తుంది గానీ ట్రాఫిక్ చూపించదు, నడిచే దారి కూడా చెప్పదు. ఆ రోజు మాత్రం ఒక పెద్దాయన టార్చిలైటు పట్టుకుని మాతో కిలోమీటరు నడిచి దారి చూపించారు, ఆయన్ని ఎప్పటికీ మర్చిపోను.

రైల్లో వెళ్ళేవాళ్ళకి వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్ చాలా మంచిది, అది సెల్ టవర్లని బట్టి కూడా రైలు ఎక్కడుందో చెప్పగలదు, అంటే జనరల్ బోగీలో నెట్ రాకపోయినా పనిచేస్తుంది. కిరండూల్ ప్యాసింజర్‌లో సొరంగాల మధ్య వెళ్తున్నప్పుడు పక్కనున్న వాళ్ళకి స్టేషన్ ఇంకెంత దూరమో నేనే చెప్తుంటాను. కాగితాలు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లో ఉన్న లైసెన్సు, ఆర్సీ చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానమే, కాకపోతే అందులోకి లాగిన్ అవ్వడానికి నెట్ కావాలి కదా, అందుకే కొండల్లోకి వెళ్తే కార్డు కూడా పర్సులో ఉంచుతా. డబ్బుల సంగతీ అంతే, యాభైలు, వందలు కలిపి ఓ వెయ్యి రూపాయలు చిల్లరగా ఉంచుకోండి, టీ తాగాక స్కానర్ ముందు ఫోన్ పట్టుకుని నిలబడితే మనకీ ఇబ్బందే, ఆ కొట్టాయనకీ ఇబ్బందే.

ఇక ప్రెజెంటేషన్లు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే తెలుగులో స్లైడ్లు చేసేవాళ్ళ బాధలు వేరు, వాటి గురించి ఎవరూ పెద్దగా చెప్పరు.

మొదటిది ఫాంట్. ఒకసారి స్లైడ్లు డీటీపీ చేసేచోట టైప్ చేయించుకుని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళాను. మండల సమావేశ మందిరంలో వాళ్ళ కంప్యూటర్‌కి పెట్టి తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, ఇంగ్లీష్ అక్షరాలు, కొక్కేలు, డాలర్ గుర్తులు. ఎదురుగా అరవై మంది. డీటీపీలో వాడే పాత ఫాంట్లు చాలావరకు యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షర పద్ధతి, కాదండి, లోపల ఉండేది వేరే గుర్తులు, వాటి మీద తెలుగు బొమ్మ తొడుగుతుంది ఆ ఫాంటు, అది లేని కంప్యూటర్‌లో తొడుగు ఊడిపోతుంది. అందుకే ఏదైనా యూనికోడ్‌లోనే టైప్ చేయించండి. విండోస్‌లో నిర్మలా యూఐ ఎలాగూ ఉంటుంది. అందంగా ఉండాలంటే మండలి, రామభద్ర లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, అవి వాడితే పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్ లోకి వెళ్ళి ఎంబెడ్ ఫాంట్స్ అన్న చోట టిక్ పెట్టాలి. దాంతోపాటు పీడీఎఫ్ కాపీ ఒకటి ఫోన్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి, అందులో అక్షరాలు చెదరవు.

రెండోది లైన్ల మధ్య ఖాళీ. ఇంగ్లీష్ వాళ్ళ టెంప్లేట్లు తెలుగుకి సరిపోవు, మనకి కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కదా, "వస్త్రం" అని రాస్తే ఆ ఒత్తులు కింద లైను నెత్తి మీదకి దిగిపోతాయి, ముందు వరసలో వాళ్ళకే చదవడం కష్టం. లైన్ స్పేసింగ్ 1.3 దాకా పెంచి, స్లైడుకి నాలుగు లైన్లకి మించకుండా చూసుకుంటే చివరి బెంచీలో పెద్దావిడకి కూడా కనబడుతుంది. పల్లెల్లో హాళ్ళకి కర్టెన్లు ఉండవు, పగలు వెలుతురు గోడ మీదే పడుతుంది, అక్కడ నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద రంగు అక్షరాలు అసలు కనిపించవు, తెలుపు మీద నలుపే నయం.

కీబోర్డులో నేను ఎక్కువగా వాడేది బీ అనే అక్షరం. స్లైడ్ షో నడుస్తుండగా బీ నొక్కితే తెర నల్లగా అయిపోతుంది, మళ్ళీ నొక్కితే తిరిగొస్తుంది. పోయిన ఖరీఫ్‌లో చోడి (రాగి) విత్తనాల గురించి చెప్తుంటే ఒకావిడ లేచి, బాబూ మా నేల ఇలా లేదు, రాళ్ళ నేల, మాకెలా అని అడిగింది. బీ నొక్కాను. అందరి తలలూ గోడ మీంచి ఆమె వైపు తిరిగాయి. పావుగంట ఆమే చెప్పింది, వాళ్ళమ్మ ఎలా వేసేదో, ఏ వానకి వేసేదో, ఆ రోజు సభలో అందరికీ బాగా పనికొచ్చింది ఆ పావుగంటే. తర్వాత మళ్ళీ నాలుగో స్లైడు చూపించమంటే 4 కొట్టి ఎంటర్ నొక్కితే సరిపోయింది, వెనక్కి ఒక్కొక్కటీ తిప్పక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన మాట, ప్రొజెక్టర్ పెట్టేముందు వాట్సాప్ వెబ్ మూసేయండి, నోటిఫికేషన్లు ఆపేయండి. మా ఇంట్లో ఆస్తి విషయం ఒకటి నలుగుతున్నప్పుడు చెల్లి పెట్టిన మెసేజ్ అంత పెద్ద తెర మీద వచ్చింది, దాని గురించి ఇప్పటికీ బాధే. కరెంటు పోతే ఎలా అంటారా, ముఖ్యమైన బొమ్మ ఒక్కటి చిన్న ఫ్లెక్స్ మీద కొట్టించి చుట్టి పట్టుకెళ్తాను, ఆ ఫ్లెక్స్ ఆ ఊళ్ళోనే వదిలేసి వస్తాను.

కొనేవంటే ఒక పవర్‌బ్యాంకు, మీ ల్యాప్‌టాప్‌ని ప్రొజెక్టర్‌కి కలపడానికి సరిపడే హెచ్‌డీఎంఐ, వీజీఏ కన్వర్టర్లు, పొడుగు వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు. విమానంలో పవర్‌బ్యాంకు చెకిన్ లగేజీలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి, 20000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్ అవర్లే కాబట్టి 100 పరిమితి లోపే.

ఇంటి విషయానికొస్తే మా అమ్మ గురించి చెప్పాలి. స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి, అక్షరాలు పెద్దవి చేసి, అన్నీ ఒకసారి చూపించి వచ్చేశాను. వారం తిరక్కుండా ఫోన్, "నాన్నా, ఇందులో వాట్సాప్ పోయింది." వెళ్ళి చూస్తే ఐకాన్ ఎక్కడికో జరిగిపోయి ఉంది. సరి చేసి వచ్చా, మళ్ళీ అదే. మూడోసారి ఏమీ చెప్పకుండా పక్కన కూర్చుని అమ్మ ఎలా నొక్కుతోందో చూశాను. అమ్మ కాలింగ్‌బెల్ నొక్కినట్టు గట్టిగా, ఆపి నొక్కుతోంది. ఫోన్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుని ఐకాన్ ఎత్తేస్తోంది. తప్పు అమ్మది కాదండి, ఆమె వేలికి తగ్గట్టు ఫోన్ పెట్టని నాది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో టచ్ అండ్ హోల్డ్ డిలే అని ఉంటుంది, దాన్ని లాంగ్ చేశాను, కొన్ని ఫోన్లలో హోమ్ స్క్రీన్ లాక్ చేసేది కూడా ఉంటుంది, అదీ పెట్టాను. ఆ రోజు నుంచి వాట్సాప్ పోలేదు. తెలుగు కీబోర్డులో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే టైపు చేస్తుందని చూపిస్తే, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న మా అన్నయ్యకి రోజూ పొద్దున్నే రెండు పేరాలు పంపిస్తుంది.

పెద్దవాళ్ళ ఫోన్‌కి పెట్టాల్సిన పరీక్ష ఇంకోటి ఉంది, మోసపు కాల్ వస్తే ఏం చేస్తారో ముందే మాట్లాడుకోవడం. పోలీసులమని వీడియో కాల్ చేసి అరెస్టు అంటే అది అబద్ధం, అలా అరెస్టు చెయ్యరు, ఫోన్ పెట్టేసి నాకు చెయ్యి, డబ్బు పోతే వెంటనే 1930కి చెయ్యాలి అని రెండు మూడు సార్లు నేనే దొంగ పోలీసులా మాట్లాడి అమ్మతో ఫోన్ పెట్టేయించాను. ఆ నంబరు వంటింట్లో గోడ క్యాలెండర్ మీద పెన్నుతో పెద్దగా రాశాం. నిజంగా అలాంటి కాల్ పోయిన ఏడాది వచ్చింది, అమ్మ మధ్యలోనే పెట్టేసి నాకు చేసింది, గొంతు వణుకుతోంది గానీ రూపాయి పోలేదు. జనవరిలో కొత్త క్యాలెండర్ తగిలించినప్పుడు 1930 దాని మీదకి అమ్మే ఎక్కించుకుంది.